పొడుగు పిల్లగాడూ 850 ఎకరాలూ

కల్వకుర్తిలో ఓ సర్కారు బడి. తొమ్మిదో తరగతి. ఆరడుగుల నాలుగంగుళాల పిల్లగాడొకడు చివరి బెంచీలో మోకాళ్లు మడుచుకుని కూర్చున్నాడనుకుందాం. వాణ్ణి ఎవరైనా గుర్తిస్తారా? గుర్తించకేం! హెడ్మాస్టరు గుర్తించి ఫ్యాను రెక్కలు తుడిపిస్తారు. మేనత్త గుర్తించి అటక మీది గంగాళం దింపిస్తుంది. వినాయక చవితి వస్తే గల్లీ యూత్ గుర్తించి మండపానికి సీరియల్ లైట్లు కట్టిస్తుంది. ప్రతిభను వాడుకోవడంలో మనల్ని మించినవాళ్లున్నారా?

వాడి చేతిలో బంతి పెట్టాల్సిన మనిషొక్కడే కనిపించడు. ఎలా కనిపిస్తాడు? ఉంటే కదా!

2024 డీఎస్సీలో మొత్తం పోస్టులు 11,062. అందులో పీఈటీలు, అదే మన డ్రిల్ సార్లు, ఎందరు? 182 మంది. జిల్లాలు 33. భాగించండి. జిల్లాకు ఐదున్నర మంది. ఆ అర సారు నాగర్‌కర్నూలుకు వచ్చాడో, వనపర్తికి పోయాడో, గద్వాలలో దిగాడో విద్యాశాఖే చెప్పాలి.

సారు ఉన్న బడి అదృష్టం మాత్రం ఏం గొప్ప? పొద్దున ప్రార్థనలో వరస సర్దాలి. మధ్యాహ్నం అన్నం దగ్గర వరస సర్దాలి. ఎన్నికలొస్తే డ్యూటీ. మంత్రి వస్తే బందోబస్తు. సంక్రాంతి దాటిందా, పదో తరగతి ఆటల పీరియడును లెక్కల సారు లాగేసుకుంటాడు. లెక్కల సారు వదిలింది సైన్సు సారు పట్టుకుంటాడు. ఇక బంతులా? స్టోర్‌రూమ్‌లో ఉంటాయి. తాళంచెవి? అది క్లర్కు దగ్గర. క్లర్కు? డిప్యుటేషన్ మీద పోయాడు.

పిల్లగాడి తండ్రి ఓ రోజు పని మానుకుని బడికొస్తాడు.

"సార్, మావోడు మస్తు పొడుగైండు. ఏమన్న ఆటల పనికొస్తడా?"

"ఎందుకు రాడన్నా? కానిస్టేబుల్‌కు నూట అరవై ఏడు పాయింట్ ఆరు సెంటీమీటర్లు అడుగుతరు. మీవోడు ఎన్నడో దాటిండు. ఇంటర్ కానియ్యి, ఫారం నింపుదం."

"నేను ఆట గురించి అడుగుతున్న సార్."

"నేను బతుకు గురించి చెప్తున్నన్నా."

ఆ సారును తిట్టకండి. ఈ మొత్తం వ్యవహారంలో నిజం చెప్పిన ప్రభుత్వోద్యోగి ఆయనొక్కడే.

సరే, కాసేపు అమెరికా పోదాం. మన నాయకులు ఊరికే పోతుంటారు కదా, మనం పోతే తప్పా? ఒహాయో రాష్ట్రంలో ఏక్రన్ అని ఊరు. రబ్బరు టైర్ల ఊరు. అక్కడ తండ్రి తోడు లేని ఓ పిల్లవాణ్ణి తల్లి ఒక్కతే పెంచింది. అద్దె కొంపలు మారీ మారీ బతికారు. వాడు సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ హైస్కూల్లో చదువుకుంటూ బాస్కెట్‌బాల్ ఆడాడు. కాలేజీ గడప తొక్కలేదు. 2003 జూన్‌లో బడి నుంచి నేరుగా ఎన్‌బీఏకు, అంటే అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగుకు పోయాడు. జట్లు కొత్త ఆటగాళ్లను ఏరుకునే డ్రాఫ్టులో ఆ ఏడాది మొట్టమొదట పిలిచిన పేరు వాడిదే. లెబ్రాన్ జేమ్స్. అంతకుముందు 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్ కూడా అలా బడి నుంచే వెళ్లారు. చిన్న పిల్లలు ఇలా ఎగబడితే ఎట్లా అని 2005లో వాళ్లు ఓ నిబంధన పెట్టుకున్నారు: పందొమ్మిదేళ్లు నిండాలి, బడి వదిలి ఏడాది గడవాలి. అక్కడ పిల్లల్ని ఆపడానికి నిబంధన కావాల్సి వచ్చింది. మనకా ఖర్చు లేదు.

ఆ 2003ను గుర్తుపెట్టుకోండి. పనుంది.

సరిగ్గా అదే ఏడాది ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి కూడా క్రీడల మీద తట్టుకోలేనంత ప్రేమ పుట్టింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. అంతకుముందు డిసెంబరులో జాతీయ క్రీడలు జరిపారు. అక్టోబరులో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు పెట్టుకున్నారు. మధ్యలో ఓ ఒప్పందం మీద సంతకం పెట్టారు. 'ఐఎంజీ అకాడమీస్ భారత' అనే కంపెనీతో. ఒలింపిక్ వీరుల్ని తయారుచేస్తారట. ఎంత నేలలో? గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు. మొత్తం 850. గచ్చిబౌలి నేల ధరెంత? ఎకరం 50 వేలు. కంపెనీకి క్రీడల్లో అనుభవమెంత? అది పుట్టి నాలుగు రోజులు. మనింట్లో బిడ్డ పుడితే నాలుగో రోజుకు ఇంకా పేరు కూడా పెట్టం. వీళ్లు 850 ఎకరాలు పెట్టారు!

పేరులో ఐఎంజీ ఎందుకుందో తెలుసుగా? ఫ్లోరిడాలో బ్రాడెంటన్ అనే ఊళ్లో ఐఎంజీ అకాడమీ అని నిజంగానే ఒకటుంది. పిల్లలు చదువుతారు, ఆడతారు, అక్కణ్ణుంచి పెద్ద పెద్ద లీగులకు పోతారు. అసలు తమాషా ఇక్కడే ఉంది. ఆ అసలు ఐఎంజీ మన పక్క రాష్ట్రాలు దాటుకుంటూ పోయి పంజాబ్‌లో ఓ పిల్లగాణ్ణి పట్టుకుంది. బర్నాలా జిల్లా, బల్లోకే గ్రామం. తండ్రి బల్బీర్ సింగ్ రైతు, పిండిమిల్లు నడిపేవాడు, ఏడడుగులకు పైనే ఎత్తు. ఆయన కుర్రతనంలో ఎవరో బాస్కెట్‌బాల్ ఆడమంటే ఇంట్లో పెద్దలు పొలం పని ఎవరు చేస్తారని ఆపేశారు. కొడుకు విషయంలో ఆయన ఆ తప్పు జరగనివ్వలేదు. పిల్లవాణ్ణి లూధియానాలోని బాస్కెట్‌బాల్ అకాడమీలో చేర్చాడు. 2010లో, పద్నాలుగేళ్లప్పుడు, స్కాలర్‌షిప్ మీద వాడు బ్రాడెంటన్ విమానం ఎక్కాడు. ఇంగ్లిష్ ముక్క రాదు. ఐదేళ్లకు, 2015 జూన్‌లో, డాలస్ మావరిక్స్ 52వ ఎంపికగా వాడి పేరు చదివింది. సత్నామ్ సింగ్ భమరా. ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికైన మొదటి భారతీయుడు.

చూశారా? పంజాబ్ వాడికి ఐఎంజీ అంటే బడి, బంతి, బస. మనకు ఐఎంజీ అంటే సర్వే నంబరు.

సత్నామ్ కథ పూలబాటని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఎన్‌బీఏలో ఒక్క లీగ్ మ్యాచ్ ఆడే అవకాశం కూడా వాడికి రాలేదు. కింది లీగులో రెండేళ్లు ఆడి తిరిగొచ్చాడు. ఇక్కడికొచ్చాక ఏముంది? 2020లో డోపింగ్ కేసులో రెండేళ్ల నిషేధం పడింది. చివరికి అమెరికాలోనే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో చేరాడు. నూరు కోట్లు దాటిన దేశంలో ఒక్కడికి డ్రాఫ్టు పిలుపొస్తే, వాడు దిగి ఆడటానికి ఈ నేల మీద నిఖార్సైన లీగు ఒక్కటైనా ఉందా? 2015లో ఒకటి మొదలైంది, యూబీఏ అని. హైదరాబాద్ స్కై పేరుతో మనకూ ఓ జట్టు. ఎప్పుడైనా విన్నారా? వినేలోపే, 2017లో, ఆగిపోయింది. ఇక ఫెడరేషనా? సత్నామ్ పేరు అమెరికాలో మోగిన అదే 2015లో మన బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ రెండు ముక్కలైంది. ఒక ముక్కకు బీజేపీ ఎంపీ పూనమ్ మహాజన్ అధ్యక్షురాలు. ఇంకో ముక్కకు కర్ణాటక కాంగ్రెస్ నాయకుడు గోవిందరాజ్ అధ్యక్షుడు. అసలు ఫెడరేషన్ ఏదో అంతర్జాతీయ సమాఖ్య తేల్చాల్సి వచ్చింది. ఆడేవాళ్లు ఐదుగురు చాలు అనుకున్న ఆటకు అధ్యక్షులు ఇద్దరు.

మళ్లీ మన 850 ఎకరాలకు వద్దాం. 2003 నవంబరులో శాసనసభ రద్దయింది. ఆపద్ధర్మ ప్రభుత్వం. రోజువారీ పనులు తప్ప పెద్ద నిర్ణయాలు చేయకూడదు. 2004 ఫిబ్రవరిలో ఆ ఆపద్ధర్మంలోనే 400 ఎకరాల రిజిస్ట్రేషన్ చకచకా జరిగిపోయింది. తర్వాత రాజశేఖరరెడ్డి వచ్చారు. 2006లో రద్దు చేశారు. కంపెనీ హైకోర్టుకు పోయింది. రాష్ట్రం రెండైంది. కేసీఆర్ దాదాపు పదేళ్లు ఏలారు. కేసు నడిచింది. నడిచింది అనకూడదేమో, పడుకుంది. 2024 మార్చిలో హైకోర్టు రద్దు సరైనదేనంది. ఆ వేసవిలోనే సుప్రీంకోర్టు కూడా కంపెనీని పొమ్మంది.

ఈ ఇరవై ఒక్క ఏళ్లలో ఆ ఏక్రన్ కుర్రాడు ఏం చేశాడు? నాలుగుసార్లు ఛాంపియన్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో ఎన్‌బీఏ చరిత్రలోనే అత్యధిక పాయింట్ల రికార్డు కొట్టాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. పెద్దకొడుకు బ్రానీ పుట్టి, పెరిగి, ఆట నేర్చి, సరిగ్గా మన కేసు ముగిసిన 2024 వేసవిలోనే డ్రాఫ్టులో ఎంపికయ్యాడు. ఆ అక్టోబరులో తండ్రీకొడుకులు ఒకే జట్టులో దిగారు. తండ్రి 2025-26లో ఇరవై మూడో సీజన్ ఆడాడు. అక్కడ ఒక తరం బడిలో మొదలై ఇంకో తరం బరిలోకి దిగింది. ఇక్కడ 850 ఎకరాల్లో ఏం మొలిచింది? ఒక్క రింగు? ఒక్క నెట్టు? సున్నపు గీత ఒక్కటి? ఆ నేల చూసిన కోర్టులన్నీ నల్లకోటువే.

పోనీ, కేసు తేలింది కదా, భూమి చేతికొచ్చింది కదా, ఇప్పుడైనా ఆటకిస్తారనుకున్నారా? ఎంత అమాయకులండీ! 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో ఆ 400 ఎకరాల మీదికే బుల్‌డోజర్లు దిగాయి. ఐటీ పార్కట. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పడ్డారు, లాఠీలు తిన్నారు. చెట్లు కూలాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. జింకల గురించి చర్చ జరిగింది, నెమళ్ల గురించి జరిగింది. జరగాల్సిందే. అప్పుల గురించి, ఉద్యోగాల గురించి కూడా జరిగింది. ఇది ఒకప్పుడు ఆటగాళ్ల పేరు చెప్పి రాసుకున్న భూమి కదా, మరి ఆటగాళ్లేరీ అని ఏ పార్టీ వాడైనా అడిగాడా? పిల్లగాడి పేరు మీద తీసిన ఫైల్లో పిల్లగాడే లేడు.

అమ్మో, ఊళ్లకు మాత్రం అన్యాయం చేయలేదు. 2022లో కేసీఆర్ ప్రభుత్వం ఊరూరా 'తెలంగాణ క్రీడా ప్రాంగణం' అంది. ఈ చుట్టుపక్కల ఏ ఊరికైనా పోయి చూడండి. ఎలా గుర్తుపట్టాలంటారా? ఊరికి దూరంగా, శ్మశానం దాటాక, నీలగిరి చెట్టు కూడా బతకని గుట్టబోరు మీద ఓ ఇనుప ఆర్చి కనబడుతుంది. అదే. లోపల కంకర. సర్కారు తుమ్మ. లాంగ్‌జంప్ ఇసుకలో కుక్క పిల్లల్ని పెట్టి ఉంటుంది. డబుల్ బార్ మీద పోయిన ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీర ఆరుతుంటుంది. వాలీబాల్ స్తంభాలు రెండూ ఉంటాయి, ఒకటి నిలబడి, ఒకటి పడుకుని. రాత్రిపూట మాత్రం జనం వస్తారు. పొద్దున సీసాలు లెక్కపెడితే ఎందరొచ్చారో తెలుస్తుంది. మరి బాస్కెట్‌బాల్? ఆ ప్రాంగణాల ఆటల జాబితాలోనే లేదు. కబడ్డీ, ఖోఖో చాలులే పల్లెటూరి మొహాలకు!

ఆ ప్రాంగణాన్ని చూసుకోవాల్సిందెవరు? పంచాయతీ. 2024 జనవరితో సర్పంచుల గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు ఊరికి సర్పంచే లేడు. ఆర్చి మాత్రం ఉంది.

ఆ డిసెంబరులోనే ఇంకో పండగ కూడా జరిగింది. 13వ తేదీ. ఉప్పల్ స్టేడియం. మెస్సీ వచ్చాడు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి జెర్సీ తొడుక్కుని బంతి తన్నారు. మర్నాడు రెండో విడత పంచాయతీ పోలింగ్. ఆయనకు ఫుట్‌బాల్ అంటే నిజంగానే ఇష్టం, కాదనను. ఆయన సొంతూరు కొండారెడ్డిపల్లి. వంగూరు మండలం. కల్వకుర్తికి పక్కనే. మన పొడుగు పిల్లగాడు సైకిలెక్కితే పోయి రాగలడు. ఇంత దగ్గరి బంధుత్వం ఉన్నాక కూడా ఆ బంతి ఉప్పల్ నుంచి ఇటువైపు ఎందుకు దొర్లలేదు?

విధానాలకు కొదవలేదు. 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి దక్షిణ కొరియా పోయి అక్కడి క్రీడా విశ్వవిద్యాలయం చూసొచ్చారు. ఇక్కడా యంగ్ ఇండియా పేరుతో అలాంటిదే అన్నారు. 2025 ఆగస్టులో కొత్త క్రీడా విధానం వచ్చింది. దానికో స్పోర్ట్స్ హబ్, హబ్‌కో బోర్డు. అధ్యక్షుడు లఖ్‌నవూ ఐపీఎల్ జట్టు యజమాని సంజీవ్ గోయెంకా. కో చైర్‌పర్సన్ ఉపాసన కొణిదెల. కపిల్‌దేవ్ ఉన్నారు, అభినవ్ బింద్రా ఉన్నారు. గొప్పవాళ్లే. ఆ బల్ల చుట్టూ సర్కారు బడి డ్రిల్ సారుకు ఒక్క ప్లాస్టిక్ కుర్చీ వేస్తే ఏం పోయేది? స్టోర్‌రూమ్ తాళంచెవి సంగతి ఆయనకే కదా తెలుసు!

పతకం తెస్తే మాత్రం మన సర్కార్ల చేయి పెద్దది. కాదన్నవాడికి కళ్లు పోతాయి. నిఖత్ జరీన్‌కు డీఎస్పీ. సిరాజ్‌కు డీఎస్పీ, ఇంటి స్థలం. పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన వరంగల్ బిడ్డ జీవాంజి దీప్తికి కోటి, ఉద్యోగం, స్థలం. వాళ్లు దానికి నూరుపాళ్లు అర్హులు. ఇంకా ఎక్కువిచ్చినా అర్హులే. కానీ వరస గమనించారా? గెలిచొచ్చాక గజాలు. గెలవడానికి ముందు కావాల్సిన గజాలు? అవి ఎవరూ ఇవ్వరు. అక్కడ ఫొటో రాదు.

ఈలోపు మన పిల్లగాడు పది పాసవుతాడు. తండ్రి అప్పోసప్పో చేసి హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలో వేస్తాడు. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. కింద పార్కింగ్. పైన ఈఏపీసెట్. టెర్రస్ మీద బట్టలు. హాస్టల్ మంచం ఆరడుగులు. వాడు ఆరడుగుల నాలుగంగుళాలు. రెండేళ్లు ఆ నాలుగంగుళాలు మంచం అవతల వేలాడతాయి. ఫీజు కట్టలేని ఇంట పుట్టాడా, ఇంకా సులువు. పాలమూరు కూలీకి పని ఎక్కడ దొరకదు? గచ్చిబౌలి టవర్లకు సిమెంటు మోసింది ఎవరు? పొడుగు కుర్రాడైతే పరంజా మీద పనికొస్తాడని మేస్త్రి ఓ యాభై ఎక్కువే ఇస్తాడు. గుర్తింపంటే అదీ!

అసలు బాస్కెట్‌బాల్‌కు కావాల్సిందెంత? కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రింగు ఎత్తు 3.05 మీటర్లు. కోర్టు నేల మన లెక్కలో నాలుగు గుంటల పైచిలుకు. చుట్టూ ఖాళీతో కలుపుకుంటే ఆరు గుంటలు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ప్రభుత్వం వేలం వేస్తే ఎకరం 177 కోట్లు పలికింది. ఆ లెక్కన ఆరు గుంటలు 26 కోట్ల 55 లక్షలు. అక్కడ అడగడం లేదు స్వామీ, కల్వకుర్తిలో అడుగుతున్నాం. పొరంబోకైనా పర్లేదు. శ్మశానానికి ఇవతలైతే చాలు.

తండ్రి అడిగాడనే అనుకుందాం. ఓ సోమవారం బస్సెక్కి నాగర్‌కర్నూలు ప్రజావాణికి పోయాడు. అదృష్టం, ఇల్లు కల్వకుర్తిలో ఉంది. అదే నియోజకవర్గంలోని ఆమనగల్లులో ఉంటే జిల్లా మారి రంగారెడ్డి కలెక్టరేటు వెతుక్కునేవాడు. దరఖాస్తు రాయించాడు. నూట యాభై రూపాయలైంది. వరసలో నిలబడ్డాడు. రసీదు తీసుకున్నాడు. మళ్లీ సోమవారం. మళ్లీ సోమవారం. సంబంధిత శాఖకు పంపామన్నారు. సంబంధిత శాఖ ఏది? క్రీడలు అంటే రెవెన్యూ అంటారు. రెవెన్యూ అంటే మున్సిపాలిటీ అంటారు. మున్సిపాలిటీ అంటే విద్యాశాఖ అంటారు. ఓ సోమవారం సెక్షన్‌లో ముసలి అటెండరు ఆ కాగితం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. తండ్రిని పక్కకు పిలిచాడు.

"ఆరు గుంటలు అని రాసినవేందన్నా?"

"గంతే చాలు సార్. పిల్లలు ఆడుకుంటరు."

"నీకు లోకం తెలువదు. ఆరు గుంటలంటే ఎవ్వడు ఫైలు ముట్టడు. కొట్టేసి ఆరు నూర్ల ఎకరాలని రాయి. పైన అకాడమీ అని పెట్టు. సార్లే బండేసుకోని నీ ఇంటికొస్తరు."